పదమూడు పాయింట్ల లెక్క: స్వీడన్ స్పీడ్‌వే వీరుడు ఊవె ఫుందీన్

మట్టి బాట మీద మోటార్‌సైకిళ్లతో సాగే స్పీడ్‌వే పందేలకు 1936లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఏర్పడిన నాటి నుంచి 1955 వరకు, యుద్ధం వల్ల ఆగిపోయిన సంవత్సరాలు పోగా, పది టైటిళ్లు నిర్ణయమయ్యాయి. ఆ పదింటినీ గెలుచుకున్నవారు ఆస్ట్రేలియా, అమెరికా, ఇంగ్లండ్, వేల్స్, న్యూజిలాండ్ దేశాలవారే. అంటే ఇంగ్లిష్ మాతృభాష కాని రైడర్ ఎవరూ అప్పటికి ఆ క్రీడలో అగ్రస్థానానికి చేరలేదు. 1956లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో స్వీడన్ యువకుడు ఊవె ఫుందీన్ ఆ వరుసకు తెర దించాడు. అతడి విజయాలు ఐదు ప్రపంచ టైటిళ్లు. అయితే ఆ అంకె ఒక్కటే అతడి ఘనతను పట్టి చూపదు. 1956 నుంచి 1965 దాకా పదేళ్లూ ఒక్క ఏడాది కూడా తప్పకుండా ప్రపంచ ఫైనల్‌లో తొలి మూడు స్థానాల్లో ఒకదానిలో నిలవడం, ఆపైన 1967లో మళ్లీ విజేత కావడం ఆ క్రీడ చరిత్రలో అరుదైన నిలకడకు గుర్తు. ఈ నిలకడ ఎంత కష్టమైనదో తెలియాలంటే ముందుగా స్పీడ్‌వే పందెం నడిచే తీరును, అప్పటి ప్రపంచ ఫైనల్ నియమాలను, స్వీడన్‌లో ఆ ఆట వేళ్లూనిన పరిస్థితులను పరిశీలించాలి.

స్పీడ్‌వే నియమాలు చాలా సరళమైనవి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మట్టి బాట మీద నలుగురు రైడర్లు ఒకే వరుసలో నిలుస్తారు. వారి ఎదుట సాగదీసి కట్టిన టేప్ పైకి లేవగానే బయలుదేరి, గడియారపు ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, అంటే ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతూ నాలుగు చుట్లు పూర్తి చేస్తారు. బాట పొడవు సాధారణంగా 260 నుంచి 425 మీటర్ల మధ్య ఉంటుంది కనుక పందెం మొత్తం నిమిషానికి కాస్త అటూ ఇటూగా ముగిసిపోతుంది. ఈ చిన్న పందేన్ని హీట్ అంటారు. మొదట వచ్చినవారికి 3 పాయింట్లు, తర్వాతి ఇద్దరికీ వరుసగా 2, 1 పాయింట్లు వస్తాయి, ఆఖరున వచ్చినవారికి ఏమీ రాదు. ఎవరు ఏ స్థానంలో ఉన్నారో ప్రేక్షకులు దూరం నుంచి గుర్తుపట్టేందుకు నలుగురి హెల్మెట్లకు నాలుగు వేర్వేరు రంగుల తొడుగులు వేస్తారు. నిమిషం పాటు సాగే పందెంలో చేసిన పొరపాటును దిద్దుకోవడానికి వ్యవధి ఉండదు కనుక టేప్ లేచిన క్షణంలో క్లచ్ వదిలే వేలి చురుకుదనం మీదనే, మొదటి మలుపును ముందుగా చేరుకోవడం మీదనే ఫలితం చాలా వరకు ఆధారపడుతుంది.

ఈ పందేలకు వాడే యంత్రం రోడ్డు మీద తిరిగే మోటార్‌సైకిల్‌కు పూర్తిగా భిన్నమైనది. దానికి 500 సీసీల సామర్థ్యం గల ఒకే ఒక సిలిండర్ ఉంటుంది, ఒకే గేరు ఉంటుంది, బ్రేకులు మాత్రం అసలు ఉండవు. బ్రేకులు లేకపోవడం మొదట విన్నవారికి వెర్రి సాహసంగా తోచవచ్చు గాని, నలుగురు రైడర్లు ఒకరినొకరు దాదాపు రాసుకుంటూ దూసుకుపోయే చోట ముందున్నవాడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుక వస్తున్నవాడు వచ్చి మీద పడటం ఖాయమనే ఆలోచన ఈ నియమం వెనుక ఉంది. ఇంజిన్‌లో పెట్రోలుకు బదులు మెథనాల్ అనే ఆల్కహాల్ ఇంధనంగా మండుతుంది. అది ఆవిరయ్యేటప్పుడు ఇంజిన్ వేడిని పీల్చుకుంటుంది కాబట్టి సిలిండర్‌లోని ఇంధన మిశ్రమాన్ని మరింత గట్టిగా అదిమి ఎక్కువ శక్తిని రాబట్టడానికి వీలు కలుగుతుంది. కందెనగా చాలాకాలం ఆముదం ఆధారిత నూనెనే వాడారు. తెలుగు పల్లెల్లో దీపంలో పోసే, తలకు రాసుకునే ఆముదానికే విపరీతమైన వేడిలోనూ లోహాన్ని అంటిపెట్టుకుని ఉండే జిగురు గుణం ఉండటమే ఇందుకు కారణం. కాలిన ఆముదపు వాసన, తడి మట్టి వాసన కలగలిసిన గాలిని స్పీడ్‌వే అభిమానులు ఎన్నేళ్లు గడిచినా మరచిపోరు.

బ్రేకులు లేని బండిని మలుపులో అదుపు చేసే విద్యే స్పీడ్‌వేకు ప్రాణం. మలుపు దగ్గరపడగానే రైడర్ యాక్సిలరేటర్‌ను తగ్గించడు, పైగా పెంచుతాడు. దాంతో వెనుక చక్రం పట్టు తప్పి, మట్టిని వెనక్కి ఎగజిమ్ముతూ బయటి వైపుకు జారుతుంది. బండి ఎడమకు తిరుగుతూ ఉండగానే ముందు చక్రం కుడి వైపుకు చూస్తూ ఉంటుంది. ఎడమ కాలి బూటు అడుగున తొడిగిన ఉక్కు పలక నేలను రాసుకుంటూ పోతూ, పడిపోవడానికీ నిలదొక్కుకోవడానికీ మధ్య ఉన్న సన్నని గీతను రైడర్‌కు తెలియజేస్తుంది. జారుడు కొంచెం ఎక్కువైతే బండి అడ్డం తిరుగుతుంది, కొంచెం తక్కువైతే తిన్నగా వెళ్లి కంచెను ఢీకొంటుంది. ప్రతి చుట్టులోనూ బాట తీరు మారిపోతుంది. ఒక చోట మట్టి కుప్పపడుతుంది, మరొక చోట నేల నున్నబడి పట్టు ఇవ్వదు. ఎక్కడ పట్టు దొరుకుతుందో ఆ ఒక్క నిమిషంలోనే కనిపెట్టి, చక్రాన్ని సరిగ్గా ఆ చోటికి నడపగలిగినవాడే గెలుస్తాడు.

ఈ ఆట పుట్టుక గురించి వాదాలు ఉన్నప్పటికీ, 1923 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మైట్‌లాండ్ ప్రదర్శనశాల మైదానంలో జానీ హాస్కిన్స్ విద్యుద్దీపాల వెలుగులో నిర్వహించిన పందేలను చాలామంది దాని ఆరంభంగా పరిగణిస్తారు. 1928 ఫిబ్రవరి 19న లండన్ శివార్లలోని ఎపింగ్ అడవి అంచున, హై బీచ్ అనే చోట జరిగిన పందేలతో ఆట బ్రిటన్‌లో అడుగుపెట్టింది. అక్కడ కుక్కల పందేల స్టేడియంలు అప్పటికే సిద్ధంగా ఉండటం, సాయంత్రం పని ముగించుకున్న కార్మికులు ఇంటిల్లిపాదితో వచ్చి రెండు గంటల్లో ఇరవై పందేలు చూసి వెళ్లగలగడం దాని వ్యాప్తికి తోడ్పడ్డాయి. టాటెన్‌హమ్‌లోని జె.ఎ. ప్రెస్ట్‌విచ్ కర్మాగారం ప్రత్యేకంగా తయారు చేసిన జె.ఎ.పి. ఇంజిన్ 1930ల నుంచి మూడు దశాబ్దాలకు పైగా పందెపు బాటలను ఏలింది. ఈ విధంగా ఆట, దాని యంత్రం, దాని ప్రపంచ ఫైనల్ మూడూ లండన్ చుట్టూనే తిరిగేవి. ఐరోపా ఖండం నుంచి వచ్చే రైడర్లు వరుస అర్హత పోటీల్లో నెగ్గి, మిగిలిన కొద్ది స్థానాల కోసం పెనుగులాడి వెంబ్లీ గడప తొక్కవలసి వచ్చేది.

స్వీడన్‌లో స్పీడ్‌వే బలపడింది రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత. తటస్థంగా ఉన్నందున యుద్ధ విధ్వంసం నుంచి తప్పించుకున్న ఆ దేశంలో కర్మాగారాలు చెక్కుచెదరలేదు. చిన్న చిన్న పారిశ్రామిక పట్టణాల్లోని మోటార్ క్లబ్బులు సభ్యుల శ్రమతోనే బాటలు వేసుకుని పందేలు నిర్వహించేవి. 1948లో జాతీయ స్థాయి లీగ్ మొదలయ్యాక ఈ పట్టణాల మధ్య పోటీ ఒక వేసవి ఆచారంగా స్థిరపడింది. ఉత్తర దేశపు వేసవి సాయంత్రాల్లో వెలుగు చాలాసేపు నిలిచి ఉండటం కూడా ఆ ఆచారానికి కలిసివచ్చింది.

ఆ క్లబ్బుల పేర్లను గమనిస్తే ఆట స్థానిక జీవితంతో ఎంతగా పెనవేసుకుందో తెలుస్తుంది. స్వీడిష్ భాషలో బహువచనానికి చేరే ‘ర్నా’ ప్రత్యయంతో ముగిసే ఆ పేర్లలో నార్‌షోపింగ్ జట్టు వర్గార్నా అంటే తోడేళ్లు. ఉక్కు పనికి పేరుపడిన ఎస్కిల్స్‌టూనా పట్టణపు స్మేడెర్నా అంటే కమ్మరులు. రేవు పట్టణమైన గోథెన్‌బర్గ్ జట్టు కాపార్నా అంటే యుద్ధకాలంలో రాజు అనుమతితో శత్రు నౌకలను పట్టుకునే నావికులు. స్మోలాండ్ ప్రాంతపు దాకార్నా జట్టు పదహారవ శతాబ్దంలో రాజు గుస్తావ్ వాసాపై తిరుగుబాటు చేసిన రైతు నాయకుడు నిల్స్ దాకె పేరును మోస్తుంది. లిన్‌షోపింగ్ జట్టు ఫిల్‌బ్యూతెర్నా, ఒక మధ్యయుగ రాజవంశానికి మూలపురుషుడని చెప్పే ఫోల్కె ఫిల్‌బ్యూతెర్ అనే పురాణ పాత్ర నుంచి పేరు తెచ్చుకుంది. బ్రిటన్ నుంచి దిగుమతైన ఆటకు స్వీడిష్ పట్టణాలు తమ వృత్తుల, తమ నేల, తమ కథల పేర్లు పెట్టుకుని దానిని సొంతం చేసుకున్నాయి.

ఊవె ఫుందీన్ 1933 మే 23న స్మోలాండ్ ప్రాంతంలోని త్రానోస్‌లో జన్మించాడు. జంతు చర్మాలతో చలి కోట్లు కుట్టే పరిశ్రమకు ప్రసిద్ధమైన చిన్న పట్టణమది. అతడు పొరుగున ఉన్న లిన్‌షోపింగ్ ఫిల్‌బ్యూతెర్నా జట్టు ద్వారా లీగ్‌లోకి వచ్చి, తర్వాతి కాలంలో కాపార్నాకు ముఖ్య ఆధారమయ్యాడు. అతడి కంటే ముందే ఒక స్వీడన్ రైడర్ దారి చూపాడు. తోడేళ్ల జట్టులో ఆడినందువల్ల ‘వర్గ్ ఊల్లె’ అనే ముద్దుపేరు పొందిన ఊల్లె నూగ్రెన్ 1954లో వెంబ్లీ ఫైనల్‌లో మూడో స్థానం సాధించి, ఇంగ్లిష్ మాట్లాడే దేశాల కోటను బద్దలు కొట్టవచ్చునని నిరూపించాడు. అదే ఫైనల్‌లో తొలిసారి పాల్గొన్న ఫుందీన్ మాత్రం పట్టిక అడుగున మిగిలిపోయాడు. తర్వాత రెండేళ్లకే అదే మైదానంలో విజేత కావడాన్ని చూస్తే, ఆ నడుమ అతడు ఎంత నేర్చుకుని ఉంటాడో ఊహించవచ్చు.

ఆ నేర్పుకు పాఠశాల నారిచ్. 1955లో ఫుందీన్ తూర్పు ఇంగ్లండ్‌లోని ఆ నగరపు నారిచ్ స్టార్స్ జట్టులో చేరాడు. అప్పటి బ్రిటన్ లీగ్ పోటీల్లో ప్రపంచంలోని మేటి రైడర్లందరూ వారం వారం తలపడేవారు కనుక స్వీడన్ వేసవి పోటీల్లో ఏడాదికి దొరికే అనుభవం అక్కడ కొద్ది వారాల్లోనే దొరికేది. నగర శివారులో ‘ది ఫర్స్’ అనే స్టేడియం నారిచ్ జట్టుకు నిలయం. 1964లో ఆ స్టేడియం మూతపడే వరకు, పదేళ్లపాటు ఫుందీన్ అక్కడ ప్రేక్షకుల ఆరాధ్యుడిగా వెలిగాడు. ఎర్రని జుట్టు, వెనుక నుంచి మెరుపులా దూకి ముందుకు పోయే తీరు అతడికి ‘ఎగిరే నక్క’ అనే పేరు తెచ్చిపెట్టాయి. ఓటమిని ఏమాత్రం జీర్ణించుకోలేని మనిషిగా అతడు పేరుపడ్డాడు. రెండో స్థానం కూడా అతడి దృష్టిలో ఓటమే. ఈ స్వభావం అతడి వ్యక్తిత్వానికే పరిమితమైన విషయం కాదు, రాబోయే పదేళ్ల ఫలితాల పట్టికను అర్థం చేసుకోవడానికి కూడా అది అవసరం.

ఆ పట్టికను చదవాలంటే అప్పటి ప్రపంచ ఫైనల్ నిర్మాణం తెలియాలి. ఏడాది పొడవునా సాగిన అర్హత పోటీల తర్వాత పదహారు మంది ఒకే సాయంత్రం ఒకే బాట మీద కలుసుకునేవారు. నలుగురేసి చొప్పున ఇరవై హీట్లు జరిగేవి, ఒక్కొక్కరు ఐదు హీట్లలో పాల్గొనేవారు. ఒక హీట్‌లో ముగ్గురు ప్రత్యర్థులు ఉంటారు కనుక ఐదు హీట్లలో పదిహేను మంది అవుతారు. అంటే ప్రతి రైడర్ మిగిలిన పదిహేను మందిలో ప్రతి ఒక్కరితోనూ సరిగ్గా ఒక్కసారే తలపడేలా ఆ ఇరవై హీట్ల జాబితాను కూర్చేవారు. గణితశాస్త్రం దృష్ట్యా ఇంతకన్నా చక్కని పొందిక ఉండదు. కాని క్రీడాకారుడి దృష్టిలో ఇది కఠినమైన పరీక్ష. ఐదు హీట్లూ కలిపితే బండి మీద గడిపే సమయం ఐదారు నిమిషాలు మాత్రమే. ఐదు హీట్లూ గెలిస్తే వచ్చే గరిష్ఠ మొత్తం 15 పాయింట్లు. క్లచ్ ఒక్కసారి మొరాయించినా, గొలుసు తెగినా, టేప్ లేచేటప్పుడు కన్ను చెదిరినా ఆ ఏడాది శ్రమ అంతా బూడిదలో పోసిన పన్నీరే. పాయింట్లు సమానమైతే రన్‌ఆఫ్ అనే మరో తీర్పు పందెం ఉండేది, అంటే మరో నిమిషం పాటు అదృష్టాన్ని పరీక్షించుకోవాలి.

ఇటువంటి పరీక్షలో 1956 నుంచి 1959 వరకు ఫుందీన్ సాధించిన పాయింట్లను వరుసగా రాస్తే 13, 13, 13, 13 అని వస్తుంది. నాలుగేళ్లూ ఒకే అంకె, ఫలితం మాత్రం ఒకేలా లేదు. 1956లో 13 పాయింట్లకే అతడు న్యూజిలాండ్ రైడర్ రానీ మూర్‌ను వెనక్కి నెట్టి ప్రపంచ విజేత అయ్యాడు. 1957లో అదే 13 వద్ద న్యూజిలాండ్‌కే చెందిన బారీ బ్రిగ్స్‌తో సమానంగా నిలిచి రన్‌ఆఫ్‌లో ఓడిపోయాడు. 1958లో బ్రిగ్స్, 1959లో మూర్ ఐదు హీట్లూ గెలిచి 15 పాయింట్లు తెచ్చుకోవడంతో రెండుసార్లూ 13 పాయింట్ల ఫుందీన్‌కు రెండో స్థానమే దక్కింది. ఈ నాలుగేళ్ల విజేతల జాబితాను మాత్రమే చూసేవారికి ఫుందీన్ ఒకసారి గెలిచి మూడుసార్లు జారిపోయినట్టు కనిపిస్తాడు. పాయింట్ల జాబితాను చూస్తే మాత్రం అతడి ఆట ఒక్క మెట్టు కూడా కిందికి దిగలేదని స్పష్టమవుతుంది. మారినది ఎదుటివారి ఆట, ఆ సాయంత్రపు తీరు. ఒక్క రాత్రి పోటీలో గెలుపు కొంతవరకు ఎదుటివారి మీద ఆధారపడుతుంది, నిలకడ మాత్రం పూర్తిగా తన చేతిలోనే ఉంటుంది. ఫుందీన్ జీవిత చరిత్ర అంతటికీ ఈ తేడాయే తాళంచెవి.

1960లో ఆ అంకె 14కు పెరిగింది. అయినా మూర్, ఇంగ్లండ్‌కు చెందిన పీటర్ క్రేవెన్ కూడా 14 పాయింట్లే తెచ్చుకోవడంతో ముగ్గురి మధ్య రన్‌ఆఫ్ జరిగింది. ఈసారి ఆ అదనపు నిమిషం ఫుందీన్ పక్షాన నిలిచింది. మరుసటి ఏడాది, 1961లో ప్రపంచ ఫైనల్ మొదటిసారిగా వెంబ్లీని వదిలి స్వీడన్‌లోని మాల్మోకు వచ్చింది. అక్కడ ఫుందీన్ 14 పాయింట్లతో గెలవగా, బ్యోర్న్ క్నుత్సన్, యోతె నోర్డిన్ రెండు, మూడు స్థానాలు అందుకున్నారు. తొలి మూడు స్థానాలూ స్వీడన్‌వే. ఐదేళ్ల క్రితం వరకు ఇంగ్లిష్ మాట్లాడే దేశాల సొత్తుగా ఉన్న ఆటలో కేంద్రం ఎంత త్వరగా కదిలిందో ఆ మాల్మో సాయంత్రం చాటి చెప్పింది. పరదేశి బాటల మీద నేర్చిన విద్యను ఫుందీన్ తరం సొంత గడ్డకు తీసుకువచ్చి అక్కడే కిరీటం ధరించింది.

ఆ రోజుల్లో ఫుందీన్, క్నుత్సన్, మూర్, బ్రిగ్స్, క్రేవెన్ ఐదుగురినీ బ్రిటిష్ అభిమానులు ‘పెద్ద ఐదుగురు’ అని పిలిచేవారు. లీగ్ పోటీల్లో వీరిని అందుకోవడం ఇతరులకు అసాధ్యంగా మారడంతో, పందెంలో ఉత్కంఠ నిలపడానికి నిర్వాహకులు వీరిని టేప్‌కు కొన్ని గజాల వెనుక నుంచి బయలుదేరేలా నియమం పెట్టారు. అందరికన్నా వెనుక నుంచి మొదలుపెట్టి, ముందున్నవారి చక్రాలు ఎగజిమ్మే మట్టిని ముఖాన కొట్టించుకుంటూ ఒక్కొక్కరినీ దాటిపోవడం వీరికి వారం వారం అలవాటైన పని అయింది. 1962 టైటిల్ క్రేవెన్‌కు దక్కగా ఫుందీన్ మూడో స్థానంలో నిలిచాడు. 1963లో వెంబ్లీలో 14 పాయింట్లతో నాలుగోసారి విజేత అయ్యాడు. ఆ విజయం తర్వాత కొద్ది రోజులకే ఎడిన్‌బరోలో జరిగిన పందెంలో పడి తీవ్రంగా గాయపడిన క్రేవెన్ ప్రాణాలు కోల్పోయాడు. రెండుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన ఆ రైడర్ మరణం, బ్రేకులు లేని ఆ నిమిషాల వెనుక ఎంతటి ప్రమాదం పొంచి ఉంటుందో లోకానికి గుర్తు చేసింది. ఒక్క ఏడాది కూడా జారిపోకుండా పదేళ్లు అగ్రశ్రేణిలో నిలవడమంటే పాయింట్లు సంపాదించడమే కాదు, అన్నేళ్లూ ఆ ప్రమాదంతో రాజీ పడుతూ ప్రాణాలతో ఒడ్డున పడటం కూడా.

1964, 1965 సంవత్సరాలు 13 పాయింట్ల లెక్కను మళ్లీ ముందుకు తెచ్చాయి. 1964లో గోథెన్‌బర్గ్‌లోని ఉల్లేవి స్టేడియంలో బ్రిగ్స్ 15 పాయింట్లతో గెలిచాడు. సోవియట్ రైడర్ ఈగర్ ప్లెహానోవ్, ఫుందీన్ ఇద్దరూ 13తో సమానంగా నిలిచారు, రన్‌ఆఫ్‌లో ఓడిన ఫుందీన్ మూడో స్థానానికి దిగాడు. 1965లో వెంబ్లీలో 14 పాయింట్లతో క్నుత్సన్ స్వీడన్‌కు రెండో ప్రపంచ విజేత కాగా, ప్లెహానోవ్ చేతిలో ఫుందీన్ మరోసారి అదే విధంగా రెండో స్థానాన్ని కోల్పోయాడు. 1956లో బంగారం తెచ్చిపెట్టిన 13 పాయింట్లు మూడుసార్లు రజతాన్ని, రెండుసార్లు కాంస్యాన్ని ఇచ్చాయన్నమాట. ఇంకొక విశేషం ఏమిటంటే, ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన ఫుందీన్ ఆ ఐదింటిలో ఒక్కసారి కూడా 15 పాయింట్లు సాధించలేదు. లోపం లేని ఒక్క రాత్రి అతడికి ఎన్నడూ దక్కలేదు. అతి తక్కువ లోపంతో ఎన్నో రాత్రులు మాత్రం అతడి ఖాతాలో ఉన్నాయి.

ఈ మధ్యకాలంలో ఆట చుట్టూ ఉన్న ప్రపంచం కూడా మారిపోయింది. 1957లో వెంబ్లీ స్టేడియం యజమాని ఆర్థర్ ఎల్విన్ మరణం తర్వాత అక్కడి ప్రసిద్ధ జట్టు మూతపడింది, టెలివిజన్ రాకతో బ్రిటన్‌లోని చాలా బాటలు ప్రేక్షకులను కోల్పోయాయి, 1964 చివర నారిచ్ బాట కూడా మూతపడింది. 1965లో బ్రిటన్‌లోని రెండు పోటీ లీగులను కలిపి పద్దెనిమిది జట్లతో బ్రిటిష్ లీగ్‌ను ఏర్పాటు చేశాక ఆటకు మళ్లీ ఊపిరి వచ్చింది. యంత్రాలలో కూడా మార్పు వచ్చింది. చెకోస్లొవేకియాలోని దివిషోవ్‌లో తయారైన ఈఎస్‌ఓ బండ్లు జె.ఎ.పి. ఏకాధిపత్యాన్ని దెబ్బతీశాయి. 1964లో ఆ కర్మాగారాన్ని కలుపుకున్న జావా సంస్థ పేరు తెలుగువారికి కొత్త కాదు. 1960ల నుంచి మైసూరులో తయారై ఆంధ్ర దేశపు రోడ్ల మీద తిరిగిన జావా, తర్వాతి ఎజ్డీ మోటార్‌సైకిళ్లు ఆ చెక్ సంస్థ వారసత్వం నుంచి వచ్చినవే.

ఈ మార్పుల నడుమ 1966 ఫైనల్‌లో తొలి మూడు స్థానాల్లో ఫుందీన్ పేరు కనిపించలేదు. పదేళ్ల వరుస అక్కడ తెగింది. ముప్పై దాటిన రైడర్ శకం ముగిసిందని ఎవరైనా అనుకుని ఉంటే అది సహజమే. అయితే 1967లో వెంబ్లీలో, ముప్పై నాలుగేళ్ల వయసులో అతడు 14 పాయింట్లు సాధించి, తన దేశానికే చెందిన బెంగ్ట్ యాన్సన్‌తో సమానంగా నిలిచాడు. మూడో స్థానం, తర్వాతి కాలంలో ఆరుసార్లు ప్రపంచ విజేత కాబోతున్న న్యూజిలాండ్ రైడర్ ఐవాన్ మేజర్‌ది. రన్‌ఆఫ్‌లో యాన్సన్‌ను ఓడించి, తొలి విజయం సాధించిన పదకొండేళ్లకు అదే మైదానంలో ఫుందీన్ ఐదో టైటిల్ గెలిచాడు. 1957, 1964, 1965 సంవత్సరాల్లో తీర్పు పందెం మూడుసార్లు అతడి చేతి నుంచి జారిపోయింది. 1960లోనూ, 1967లోనూ అది అతడికే దక్కింది. ఒకే సాయంత్రంలో ఎటు తేలుతుందో తెలియని త్రాసు, పన్నెండేళ్ల వ్యవధిలో ఇలా దాదాపు సమతూకానికి వచ్చింది.

వ్యక్తిగత టైటిళ్లకు తోడు జట్టు విజయాలూ అతడి జీవితంలో పెద్ద భాగమే. 1960లో దేశాల జట్ల మధ్య ప్రపంచ టీమ్ కప్ తొలిసారి గోథెన్‌బర్గ్‌లో జరిగినప్పుడు ఫుందీన్, నూగ్రెన్, రూనె సోర్మాండర్, క్నుత్సన్‌లతో కూడిన స్వీడన్ దానిని గెలుచుకుంది. 1962, 1963, 1964, 1967, 1970లలోనూ ఆ కప్పును స్వీడనే అందుకుంది, ఆరు విజయాల్లోనూ ఫుందీన్ పాలుపంచుకున్నాడు. 1970 జట్టులో అతడి పక్కన నిలిచిన ఆండెర్ష్ మిషనెక్ 1974లో ఉల్లేవిలో ఐదు హీట్లూ గెలిచి, ఫుందీన్‌కు ఎన్నడూ అందని 15 పాయింట్లతో ప్రపంచ విజేత అయ్యాడు. తరువాత 1990లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫోర్డ్‌లో పెర్ యోన్సన్ టైటిల్ సాధించాడు. నాలుగేళ్లకే పోలండ్‌లో జరిగిన ఒక ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని అతడి పందెపు జీవితం ముగిసిపోయింది.

ఆ 1994 సంవత్సరంలోనే ఒక శకం కూడా ముగిసింది. డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో జరిగిన ఆ ఏడాది ఫైనల్‌లో ముగ్గురు రైడర్లు సమాన పాయింట్లతో నిలవగా, రన్‌ఆఫ్‌లో గెలిచినవాడు స్వీడన్‌లోని అవెస్టా ప్రాంతానికి చెందిన టోనీ రికార్డ్‌సన్. ఒక్క రాత్రి ఫైనల్ పద్ధతిలో నిర్ణయమైన చివరి ప్రపంచ టైటిల్ అది. 1995 నుంచి, వివిధ దేశాల్లో వేసవి అంతా జరిగే అనేక పోటీల పాయింట్లను కూడి విజేతను నిర్ణయించే గ్రాండ్ ప్రీ పద్ధతి అమల్లోకి వచ్చింది. ఆ పద్ధతిలో రికార్డ్‌సన్ 1998, 1999, 2001, 2002, 2005 సంవత్సరాల్లో గెలిచి, మొత్తం ఆరు టైటిళ్లతో మేజర్ సరసన నిలిచాడు. ఫుందీన్, క్నుత్సన్, మిషనెక్, యోన్సన్, రికార్డ్‌సన్ అనే ఐదుగురు స్వీడన్‌కు కలిపి పద్నాలుగు ప్రపంచ టైటిళ్లు తెచ్చిపెట్టారు.

గ్రాండ్ ప్రీ పద్ధతి ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే ఫుందీన్ జీవిత చరిత్రకు మరో అర్థం తోస్తుంది. ఒకే సాయంత్రం, ఐదారు నిమిషాల్లో ప్రపంచ శ్రేష్ఠుడిని తేల్చడం సమంజసం కాదని, సంవత్సరమంతా కనబరచిన నిలకడకు విలువ ఉండాలని క్రీడా నిర్వాహకులు చివరకు ఒప్పుకున్నారు. అయితే ఆ నిలకడ అనే గుణం ఏమిటో, దానిని ఏ కొలబద్దతో కొలవాలో ఫుందీన్ అప్పటికి ముప్పై ఏళ్ల ముందే, నిలకడకు ఏమాత్రం అనుకూలించని పద్ధతిలోనే చూపించాడు. పదకొండు ఫైనళ్లలో ఐదు స్వర్ణాలు, మూడు రజతాలు, మూడు కాంస్యాలు అనే అతడి లెక్కలో, విజేతల జాబితాలో కనిపించని ఆ ఆరు స్థానాలు కూడా మిగిలిన ఐదింటితో సమానమైన శ్రమకు గుర్తులే. 2001లో దేశాల జట్ల పోటీని ప్రపంచ కప్‌గా పునర్వ్యవస్థీకరించినప్పుడు దాని విజేతలకిచ్చే ట్రోఫీకి ఊవె ఫుందీన్ పేరు పెట్టారు. రెండో స్థానాన్ని కూడా ఓటమిగానే లెక్కించిన ఆ త్రానోస్ రైడర్‌కు చరిత్ర ఇవ్వగలిగిన సమాధానం, అతడు ఓటమి అనుకున్న ఏడాదులను కూడా విజయాల సరసనే చేర్చి చదవడం.